మట్టి డబ్బాతో కాడుగోడికి

జనం బెంగుళూరికి ఉద్యోగాలకి వెళ్తారు, ఆసుపత్రులకి వెళ్తారు, పెళ్ళి చీరలకి వెళ్తారు. మేము మట్టి పట్టుకుని వెళ్ళాం. రెండు థర్మోకోల్ డబ్బాల్లో, ఐసు ప్యాకెట్ల నడుమ, ప్లాస్టిక్ సంచుల్లో కట్టిన వేరుశనగ వేర్లు, వాటిని అంటుకున్న మట్టి. మా ఆవిడ వసుంధర అనంతపురంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెబుతుంది. నేను బస్సు డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. డబ్బా మోయడానికి ఒక మనిషి కావాలంది. రిటైరైన మొగుడికి అంతకంటే మంచి ఉద్యోగం ఎవరిస్తారు, సరేనన్నాను.

విషయం ముందే చెప్పేస్తాను. వాన మొహం చాటేసిన ఏడు కూడా మా సీమలో కొన్ని చేలల్లో వేరుశనగ ఎలాగో నిలబడుతుంది. గట్టుకి అవతలి చేను మాత్రం మాడిపోతుంది. వేరు చుట్టూ మట్టిలో బతికే, కంటికి కనబడని జీవాలు అందుకు సాయం చేస్తున్నాయేమోనని వసుంధర అనుమానం. అవి ఏవో తెలియాలంటే వాటి జన్యువుల్ని చదివే యంత్రం కావాలి. అది మా దగ్గర లేదు. బెంగుళూరులో కాడుగోడి అవతల ఒక విశ్వవిద్యాలయంలో ఉంది. వాళ్ళకి యంత్రం ఉంది గానీ చేలు లేవు, మాకు చేలున్నాయి గానీ యంత్రం లేదు. రెండు చోట్ల వాళ్ళూ కలిసి అర్జీ పెడితే కేంద్ర ప్రభుత్వం మూడేళ్ళకి డబ్బు మంజూరు చేసింది. ఆ డబ్బు మా ఊరి కుళాయి నీళ్ళలాగా ఎప్పుడు వస్తుందో తెలియదు, వచ్చినప్పుడు పట్టుకోవాలి. అయినా వస్తుంది.

ఈ ఏర్పాటు వసుంధర మొదటిసారి చెప్పినప్పుడు నాకు చప్పున అర్థమైంది. అంతర్రాష్ట్ర బస్సుల ఒప్పందం ఇలాంటిదే. మా బస్సు మీ రాష్ట్రంలో ఎన్ని కిలోమీటర్లు తిరిగితే మీ బస్సు మా రాష్ట్రంలో అన్నే తిరగాలి. ఒక్క కిలోమీటరు తేడా వచ్చినా రెండు డిపోలూ జుట్లు పట్టుకుంటాయి. అదే మాట అంటే, "ఇక్కడ కిలోమీటర్లు ఎవరూ లెక్కపెట్టరండీ" అంది. ముప్పై ఏళ్ళు డిపోలో ఉన్నవాణ్ణి, ఆ మాట నేను నమ్మలేదు.

మాతో పాటు షబానా కూడా బయల్దేరింది. వసుంధర దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది. తాడిపత్రి అమ్మాయి, వాళ్ళ నాన్న మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. మూడు చేల మట్టిని పక్కపక్కన పెట్టి పోల్చడమే ఆమె పరిశోధన. ప్రాజెక్టు వచ్చే మార్చితో ముగుస్తుంది, దానితో పాటే ఆమె స్టైపెండూ. ఈ ఏటి వేరుశనగ పీకడం అయిపోయింది, మళ్ళీ పంట చేతికి రావాలంటే ఏడాది ఆగాలి. యంత్రం దగ్గర వంతు రెండు నెలల ముందు అడిగితే ఇప్పటికి దొరికింది. ఇది తప్పితే మార్చిలోపు ఇంకోటి రాదు. కాబట్టి ఆ డబ్బాలు చల్లగా, సమయానికి చేరడం మీద ఒక ఆడపిల్ల డాక్టరేటు ఆధారపడి ఉంది. నాకు ఇది చెప్పి మరీ డబ్బా చేతికిచ్చారు.

మూడు చేలల్లో అసలైంది కళ్యాణదుర్గం పక్కన లక్ష్మమ్మది. బోరు లేదు, కాలవ లేదు, అయినా రెండేళ్ళుగా ఆమె చేను మాత్రం పచ్చగా నిలబడింది. మిగతా రెండు చేలల్లో మొక్కలు షబానాయే పీకి తెచ్చింది. లక్ష్మమ్మ చేను పీకే రోజున ఆమె ఇంకో ఊళ్ళో ఉండిపోయింది. పోయినేడు పక్కన నిలబడి అంతా చూసిందే కదా అని లక్ష్మమ్మ తానే పీకి, సంచుల్లో కట్టి, షబానా ముందే ఇచ్చి ఉంచిన డబ్బాలో ఐసు వేయించి, టేపు చుట్టి, అనంతపురం బస్సు కండక్టరు చేతికిచ్చింది. మా సీమలో కొరియర్ అంటే అదే. బస్టాండుకి వెళ్ళి నేనే దించుకున్నాను. చల్లదనం పోతుందని ఎవరమూ మూత తీయలేదు, పక్కన విడిగా, బయటనుంచే తెరుచుకునే ఐసు అరలో కొత్త ప్యాకెట్లు మార్చాం.

డబ్బాతో పాటు ఒక గుడ్డసంచి కూడా వచ్చింది. బెంగుళూరు సార్లకి అని పచ్చి చెనక్కాయలు. ఆ కాయల్ని చూసి తీరాలి. ఒక్కదానికీ మట్టి రవ్వ లేదు, తోకలు తుంచి, కడిగి, నీడన ఆరబెట్టినట్టున్నాయి. లక్ష్మమ్మ చేతి పనంటే అలాగే ఉంటుంది.

కార్తీకం మొదటి వారం. తెల్లవారుజామున ఐదు దాటాక అనంతపురంలో రైలెక్కాం. స్లీపర్ టికెట్లు, ముగ్గురికీ ఒకే చోట. బెంగుళూరు ఊళ్ళోకి పోకుండా ఎలహంక నుంచి పక్కకి తిరిగి కృష్ణరాజపురం మీదుగా కేరళకి పోయే రైళ్ళు కొన్ని ఉన్నాయి. కాడుగోడి వైపు పనున్నవాళ్ళు అవే ఎక్కడం మంచిది. ఊరి నడిబొడ్డున మెజెస్టిక్‌లో దిగితే సగం పూట ఊరు దాటడానికే సరిపోతుంది.

ధర్మవరంలో టీ, ఇడ్లీ. ఇడ్లీ గట్టిదే గానీ చట్నీ ఆదుకుంది. పెనుకొండ కొండలు వెలుతుర్లోకి వచ్చేసరికి ఎదుటి బెర్తు మీద కర్నూలు నుంచి వస్తున్న ఒక యువకుడు లేచి కూర్చున్నాడు. కుందలహళ్ళిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. నా కాళ్ళ మధ్య డబ్బా వంక చాలాసేపు చూశాడు.

"అంకుల్, అందులో ఫిష్షా?"

"మట్టి."

"మట్టికి ఐస్ ఎందుకంకుల్?"

వసుంధర చెప్పింది. పాఠం చెప్పడం ఆమెకి ఊపిరి తీసుకోవడంతో సమానం, హిందూపురం వచ్చేదాకా చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు.

"ఫండింగ్ ఎవరు మేడం, ఏదైనా కంపెనీనా?"

"కాదు, గవర్నమెంటే."

"అంటే నా టాక్స్ మనీ."

"నీదే నాయనా" అన్నాను నేను.

"అయితే అక్కడ ఎండ పడుతోంది అంకుల్, ఇటు పెట్టండి" అని తన బ్యాగు పైకి లాగి, బెర్తు కింద నీడలో చోటిచ్చాడు. ఆ తర్వాత దిగేదాకా ఎవరి కాలూ దానికి తగలనివ్వలేదు. లక్ష్మమ్మ సంచిలోంచి గుప్పెడు కాయలు తీసి ఇచ్చాను. ఒలుచుకుంటూ, "ఇంత క్లీన్‌గా ఉన్నాయేంటి, సూపర్ మార్కెట్లో కొన్నారా?" అన్నాడు. చేలోంచి నేరుగా వచ్చాయని గొప్పగా చెప్పాను.

పదింటికి కృష్ణరాజపురంలో దిగాం. సన్నగా తుంపర. అక్కడినుంచి మెట్రో దగ్గరే, ఆటోవాళ్ళ మాట వినకండి, వాళ్ళు చెప్పిన రేటులో మూడో వంతు కూడా కాలేదు మా ముగ్గురి టికెట్లూ కలిపి. మెట్రోలో ఒక్కటే ఇబ్బంది, సామాను తనిఖీ. డబ్బా చూసి కాపలా ఆవిడ కన్నడంలో ఏముందని అడిగింది. "మణ్ణు" అంది షబానా. ఆవిడ మా ముగ్గురినీ పైనుంచి కింది దాకా చూసింది. విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితం చూపించాం. మూత తీయమంటుందేమోనని షబానా పెదాలు బిగపట్టింది. ఆవిడ డబ్బాని యంత్రంలోంచి పంపి, తెర మీద వేర్లు చూసి నవ్వేసింది. "నమ్మూరల్లి మణ్ణు ఖాలీ ఆగిదెయా మేడం?" అంది. మా ఊళ్ళో మట్టి అయిపోయిందా మేడం, అని. అక్కడి కట్టడాలు చూస్తే అయిపోయినా ఆశ్చర్యం లేదు.

కర్నూలు యువకుడూ అదే బండి ఎక్కాడు. హూడి దాటాక కుందలహళ్ళిలో దిగిపోతూ, "ఆల్ ది బెస్ట్ అండీ, రిజల్ట్ మంచిగా రావాలి" అని షబానాకి చెప్పి వెళ్ళాడు. పేరైనా అడగలేదని తర్వాత అనుకున్నాం.

ఆఖరి స్టేషన్లో దిగి కాడుగోడి సందుల్లోకి ఆటో మాట్లాడుకున్నాం. నడిపే పెద్దాయన పేరు మునియప్ప. తరాల నుంచి ఆ ఊరివాడే, ఇంట్లో తెలుగే.

"యా ఊరప్పా మీది?"

"అనంతపురం."

"మన తట్టు వాళ్ళే. ఆ డబ్బాలో ఏముండాది?"

చేని మట్టి అన్నాను. పరీక్ష చేయించడానికి తీసుకుపోతున్నామన్నాను. ఆయన మెట్రో స్తంభాల వరస పక్కగా మలుపు తిప్పుతూ, "అదో, ఆడ మా నాయన రాగులు పెడతా ఉండె. మా మన్నుని ఎవురూ పరీక్ష చేసిండ్లేదప్పా. నేరుగా కట్టేసినారు" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. గుంతలున్న చోట మాత్రం డబ్బా కదలకుండా చాలా మెల్లగా నడిపాడు.

పదకొండున్నరకి క్యాంపస్ చేరాం. యంత్రాలున్న భవనం చూసి నా కళ్ళు చెదిరాయంటే అతిశయోక్తి కాదు. నేననుకున్నది ఏదో గుడి గర్భాలయంలాగా తలుపులు మూసి, పెద్దవాళ్ళకి మాత్రమే దర్శనం అని. తీరా చూస్తే బస్టాండులా ఉంది. హాల్లో బెంచీల మీద ధారవాడ నుంచి ఒకతను, తుమకూరు నుంచి ఇద్దరు అమ్మాయిలు, అస్సాం నుంచి మూడు రోజులు ప్రయాణం చేసి వచ్చిన ఒకాయన, అందరి ఒళ్ళోనూ డబ్బాలే. ఆయన డబ్బాలో టీ తోటల మట్టి ఉందట. గోడ మీద వంతుల పట్టిక. ఆ విశ్వవిద్యాలయం వాళ్ళ సొంత విద్యార్థుల పేర్లు కూడా అదే వరసలో, అందరి మధ్యలో ఉన్నాయి, పైన లేవు. ఇది ప్రజల సొమ్ముతో కొన్నది, అర్హత ఉన్న ఎవరైనా వాడుకోవచ్చు అని తలుపు మీద మూడు భాషల్లో రాసి ఉంది. అలాంటి బోర్డులు చాలా చూశాను, దాని ప్రకారం నడుస్తున్న చోటు చూడడం అరుదు.

ప్రొఫెసర్ మూర్తి గారు బయటికే ఎదురొచ్చి నా చేతిలో డబ్బా తానే అందుకున్నారు. బెంగుళూరు వైపు ప్రాజెక్టుకి ఆయనే పెద్ద. కన్నడిగుడు, తెలుగు నెమ్మదిగా ఏరుకుని మాట్లాడతారు. ఆయన వెనకే మంజునాథ్, ఆయన దగ్గర పీహెచ్‌డీ విద్యార్థి, పావగడ వాడు. పావగడ కర్ణాటకలో ఉన్నా చుట్టూ మా సీమే కాబట్టి మాటంతా మా మాటే.

ముందు షబానా తెచ్చిన డబ్బా తీశారు. వేర్ల నిండా ఎర్రమట్టి, పొడి పొడిగా, చల్లగా. మూర్తి గారు తల ఊపారు. తర్వాత లక్ష్మమ్మ డబ్బా. టేపు కోసి, సంచి విప్పి, మంజునాథ్ వేర్ల కట్టని పళ్ళెంలో పెట్టాడు.

తెల్లగా ఉన్నాయి. పెళ్ళివారింటికి పంపే ముల్లంగి కట్టల్లా మెరుస్తున్నాయి. రెండో సంచి విప్పాడు, అదీ అంతే. పీచు వేర్లు కూడా ఒక్కొక్కటీ విడదీసి, నీళ్ళలో ఆడించి, నీరు ఓడ్చి, కట్ట కట్టి పెట్టినట్టు ఉన్నాయి. ఏ మట్టి కోసం ఇంత దూరం వచ్చామో ఆ మట్టి లక్ష్మమ్మ ఇంటి పెరట్లో ఎక్కడో పారిపోయింది.

గుడ్డసంచిలో కాయలు అప్పుడు గుర్తొచ్చాయి నాకు. పొద్దుట్నుంచి మెచ్చుకుంటూ వచ్చాను, బుర్రకి తట్టలేదు. షబానా ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. మూడో సంచి తానే విప్పి చూసి, మళ్ళీ మూతి కట్టి, ఎక్కడున్నది అక్కడ పెట్టేసింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత చదివినవాళ్ళు రెండు నెలలు ఎదురుచూస్తే ఒక ముసలమ్మ బిందెడు నీళ్ళతో కడిగేసిందే అని ఫోను తీశాను. వసుంధర చెయ్యి పట్టుకుంది.

"ఏమని తిడతారు? మన్ను మన్నుగా పంపిస్తే పెద్దవాళ్ళు ఏమనుకుంటారోనని కడిగింది. ఆమె మర్యాద చేసిందండీ."

"మర్యాదతో ఈ పిల్ల డాక్టరేటు వస్తుందా?"

"ఇప్పుడొద్దు. నేను చెప్తాను ఆమెకి. ఇప్పుడు మాత్రం వద్దు."

మూర్తి గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మనం రాసిచ్చిన సూచనల్లో చల్లగా పెట్టమని ఉంది, ఎండ తగలకూడదని ఉంది, కడగొద్దని ఎక్కడా లేదు మేడం. అది చెప్పాల్సిన మాట అని మీకూ తోచలేదు, నాకూ తోచలేదు" అన్నారు. ఇంకొకరైతే మీ వైపు తప్పు అనేవారు. నేను డిపోలో ఉంటే తప్పకుండా అనేవాణ్ణి.

ఆ రోజు సాయంత్రానికి మట్టిలోంచి డీఎన్ఏ తీసి అప్పగిస్తేనే మర్నాడు యంత్రంలో చోటు. లక్ష్మమ్మ చేను లేకుండా మిగతా రెండు చేలు పోల్చి లాభం లేదు, నిలబడ్డ చేను ఎందుకు నిలబడిందన్నదే ప్రశ్న కాబట్టి. అప్పుడు మూర్తి గారు మెల్లగా ఇంకో మాట చెప్పారు. పోయినేడు అవే మూడు చేల నుంచి వచ్చిన మట్టి కొద్దికొద్దిగా డీప్ ఫ్రీజర్లో ఉంది. పోయినేడూ వాన లేదు కాబట్టి షబానా పనికి అది సరిపోతుంది. కాకపోతే అది మంజునాథ్ తన థీసిస్ కోసం దాచుకున్నది. ఒకసారి వాడితే మిగలదు.

"ఇవ్వమని నేను చెప్పను. నిర్ణయం నీదే" అన్నారు అతనితో. మంజునాథ్ పళ్ళెంలో వేర్లని మళ్ళీ సంచిలో పెట్టాడు. అందరం భోజనానికి లేచాం.

క్యాంటీన్లో రాగిముద్ద, ఆకుకూర సారు, అంటే మన పులుసు లాంటిది. చవక, వేడి, రుచి, మూడూ ఉన్నాయి, ఆ వైపు వెళ్ళేవాళ్ళు తప్పకుండా తినండి. నా నోటికి మాత్రం ఆ పూట రుచి తెలియలేదు. షబానా ముద్దని నాలుగు ముక్కలు చేసి అలాగే చూస్తూ కూర్చుంది. మంజునాథ్ ముందే లేచి బయట మెట్ల మీద కూర్చున్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళి అతని పక్కన కూర్చున్నాను. ఏమైనా అడగాలని కాదు, ఆ బల్ల దగ్గర కూర్చోలేక.

"అన్నా, లచ్చుమమ్మ అంటే ఆ పెద్దామేనా? బొట్టు పెద్దదిగా పెట్టుకుంటాది?" అన్నాడు కాసేపటికి.

"ఆమే."

"పోయినేడు నేనూ మా సారూ చేనికి పోయింటిమి. పంటకి పనికిరాని వాన ఆ పొద్దే పడి అంతా బురద. ఆమె ఇంట్లో మాకు అన్నం పెట్టింది. తిని బయటికొచ్చి చూస్తే నా బూట్లు గడప కాడ తళతళా ఉండాయి. కడిగి, గుడ్డతో తుడిచి పెట్టింది. నాకు సిగ్గయిపోయింది. ఏంటికమ్మా అంటే, మా చేని మన్ను మీ ఊరిదాకా యాలప్పా మోస్తావు అనింది." అతను నవ్వాడు, కానీ అది నవ్వులా లేదు. "అప్పుడే తోచాల్సింది నాకు. ఆమె మన్నుతో ఏదీ పంపదని."

రెండు కావస్తుండగా లేచి లోపలికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళేసరికి చేతులకి మందపాటి తొడుగులు వేసుకుని, ఫ్రీజర్ తలుపు తీసి, పొగలు కక్కుతున్న చల్లటి పెట్టెలోంచి వేలెడంత గొట్టాలు బయటికి తీస్తున్నాడు. వాటిని తెచ్చి షబానా ముందు పెట్టాడు.

షబానా ముట్టుకోలేదు. "ఇవి మీ థీసిస్‌వి."

"మీ చేలోంచి వచ్చిన మన్నే కదా. మేమేం పండిచ్చినామా?"

"మరి మీరేం చేస్తారు?"

"కడిగిన వేర్లు నాకియ్యండి. వేరు లోపల గూడా జీవాలు ఉంటాయి. చుట్టూ ఉండేటివాటిలో వేరు దేన్ని లోపలికి రానిస్తుందో చూస్తా. అది చూడాలంటే ముందు మన్నంతా పోయేదాకా కడగాల. మా ల్యాబులో ఎవురూ ఇంత బాగా కడగరు."

"దొరుకుతాయంటారా?"

"దొరికితే దొరుకుతాయి. లేదంటే ఇంకో ఏడు చేస్తా."

"వాళ్ళమ్మ నాకు ఫోన్ చేస్తారు, పెళ్ళి ఇంకో ఏడు ఆగిందని" అన్నారు మూర్తి గారు. అందరం నవ్వాం. షబానా నవ్వలేదు. లేచి నిలబడి, కోటు గుండీలు పెట్టుకుని, ఆ గొట్టాల్ని రెండు చేతులతో అందుకుంది.

ఆ మధ్యాహ్నమంతా నేను అద్దం ఇవతల బెంచీ మీద కూర్చున్నాను. లోపల షబానా, మంజునాథ్ పక్కపక్కన పనిచేస్తున్నారు. మట్టి గొట్టాల్లో తిరిగింది, కలిసింది, విడిపోయింది, నాకు అర్థమైంది అంతే. ఒకే ఒక ప్రయత్నం, చెయ్యి జారితే వెనక్కి తీసుకోవడానికి లేదు. అస్సాం ఆయన నాకు తన ఊరి టీ ఒక ఫ్లాస్కు మూతలో పోసి ఇచ్చాడు. అతని భాష నాకు రాదు, నా భాష అతనికి రాదు, అయినా లోపల ఏదో కష్టమొచ్చిందని అతనికి తెలిసిపోయింది.

చీకటి పడ్డాక, ఏడు ప్రాంతంలో, నన్ను కూడా లోపలికి పిలిచారు. లైట్లు ఆపేశారు. నీలి వెలుగులో ఒక పలచటి జెల్లీ బిళ్ళ. డీఎన్ఏ దొరికితే అక్కడ గీతలా మెరుస్తుందని వసుంధర నా చెవిలో చెప్పింది. మొదటి చేను, గీత. రెండో చేను, గీత. మూడోది ఖాళీగా కనబడింది. మంజునాథ్ వంగి, వెలుగు కొంచెం పెంచాడు. సన్నగా, లేత పచ్చగా, లక్ష్మమ్మ చేను కూడా వెలిగింది.

"సాలు" అన్నాడు అతను. "సరిపోతాది."

అప్పుడు ఏడ్చింది షబానా. నాకూ కళ్ళు చెమ్మగిల్లాయి, చెప్పడానికి సిగ్గులేదు. మూర్తి గారు వెళ్ళి లైటు వేసి, ఆ నమూనాల్ని మర్నాటి వరసలో తన చేత్తోనే పెట్టి వచ్చారు.

రాత్రి బస క్యాంపస్ అతిథి గృహంలో. ప్రాజెక్టు మీద వెళ్ళేవాళ్ళకి గది నామమాత్రపు అద్దెకి ఇస్తారు, కానీ డిపార్ట్‌మెంటు నుంచి ముందే ఉత్తరం ఉండాలి. తువ్వాలు మీదే తీసుకెళ్ళండి. వేడినీళ్ళు పొద్దున్నే వస్తాయి, ఆలస్యంగా లేచేవాళ్ళకి చన్నీళ్ళే. వంటమనిషిని అడిగి లక్ష్మమ్మ కాయలు ఉప్పేసి ఉడకబెట్టించాం. మూర్తి గారు, మంజునాథ్ కూడా వచ్చారు. వరండాలో కూర్చుని, బయట తుంపర చూస్తూ, సంచి అడుగు కనబడేదాకా తిన్నాం. తొక్కలు కుప్ప పోస్తూ మూర్తి గారు, తను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటి యంత్రం మీద పనికి వేరే ఊరు వెళ్ళి, వారం రోజులు వరండాలో నిలబడి, వంతు రాక వెనక్కి వచ్చేశానని చెప్పారు. "అందుకే మేడం, వరసలో మా పిల్లల్ని ముందు పెట్టను" అన్నారు. చాలా మామూలుగా చెప్పారు.

మర్నాడు పొద్దున్న యంత్రం మొదలవడం చూసి బయల్దేరాం. చూడడానికి ఏమీ లేదు, ఫ్రిజ్ లాంటి పెట్టె ఒకటి గుర్రుమంటుంది. చదవడానికి రెండు రోజులు, దాన్ని అర్థం చేసుకోవడానికి నెలలు. ఆ నెలలకి సరిపడా మార్చి దాకా సమయం ఉంది. మంజునాథ్ కడిగిన వేర్లని చిన్న చిన్న ముక్కలు కోస్తూ తలెత్తి, "పోయొస్తారా అన్నా" అన్నాడు. అతని పని ఇప్పుడు మొదటికొచ్చిందని గుర్తొచ్చింది. భుజం తట్టి వచ్చేశాను.

కృష్ణరాజపురంలో మధ్యాహ్నం రైలు. డబ్బాలు ఖాళీ, చేతులు తేలిక. టిఫిన్ డబ్బాలో క్యాంటీన్ చిత్రాన్నం. ఎలహంక దాటాక నేను వసుంధరతో అన్నాను, నువ్వు చెప్పింది నిజమే, ఇక్కడ కిలోమీటర్లు లెక్కపెట్టడం లేదని. "మీ డిపో కూడా ఇలా నడిస్తే బాగుండేది" అంది. నడిస్తే దివాళా తీసేది, కానీ ఆ మాట అనలేదు. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర ఉంటుంది, రెంటినీ కలపడానికి సర్కారు చార్జీలు పెట్టుకుంటుంది. అంతవరకే కాగితం మీద రాయగలరు. దాచుకున్న గొట్టాలు తీసి ఎదుటివాళ్ళ బల్ల మీద పెట్టమని ఏ కాగితం రాయదు. అది నేను కళ్ళారా చూసి వస్తున్నాను.

హిందూపురం దాటుతుంటే వసుంధర ఫోను మోగింది. లక్ష్మమ్మ. షబానా నిటారుగా కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగాను, నా మొహం చూస్తే ఫోన్లో కూడా తెలిసిపోతుందేమోనని. రైలు చప్పుడుకి వసుంధర స్పీకర్ పెట్టింది.

"మేడమ్మా, చేరినాయా అన్నీ? చెడిపోలేదు కదా?"

"చేరాయమ్మా. చక్కగా చేరాయి."

"సార్లు ఏమనిరి?"

"ఇంత శుభ్రమైన వేర్లు వాళ్ళు ఎప్పుడూ చూడలేదన్నారు. పావగడ అబ్బాయి ఒకడున్నాడు కదా, నువ్వు బూట్లు కడిగావంట, అతను వాటి మీదే పని మొదలుపెట్టాడు."

"ఆ పిల్లోడా! బాగుండాడా?" ఆమె గొంతులో సంతోషం మాకు ముగ్గురికీ వినబడింది. "చానా సేపు కడిగినా అమ్మా. నా మనవరాలూ నేనూ. పీచు తెగకుండా కడగల్ల కదా."

"తెలుస్తోందమ్మా. ఒక్క మాట. వచ్చే ఏడు మాత్రం సగం కడిగి పంపు, సగం కడగకుండా పంపు. ఆ అబ్బాయి పని ఇంకా ఉంది, మన్నుతో కూడా చూడాలంటున్నారు."

అటువైపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాం.

"మన్నునా?"

"నీ చేని మన్నే లక్ష్మమ్మా. అందులోనే ఏదో ఉందంటున్నారు. వాళ్ళకి కావాల్సింది అదే."

"మన్ను కోసమా" అని ఆమె తనలో తాను అనుకోవడం స్పీకర్లో వినబడింది. ఆమెకి అర్థమైందని నాకు తెలిసింది. వసుంధరకీ తెలిసింది, ఫోను పట్టుకున్న చెయ్యి కొంచెం కిందికి దిగింది. షబానా ముందుకి వంగి, "అవ్వా, నా పని అయిపోయింది. మంచిగా అయిపోయింది" అంది.

"అయిపోయిందా పాపా? నిజమేనా?"

"నిజం అవ్వా. నీ మీదొట్టు."

లక్ష్మమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే ఇను. కడిగేటివి నేను కడిగి పంపిస్తా. మన్నుతో కావాల్సినేటివి మాత్రం నువ్వే వచ్చి పీక్కోని పో. అంత పెద్దోళ్ళకి మన్నుతో పంపేదానికి నాకు చేతులు రావు."

"వస్తానవ్వా" అంది షబానా. "నేనే వస్తాను."